వాల్తేరు నుంచి టెక్కలికి నడిచిన మేనేజ్‌మెంటు చదువు

కళింగసీమ చదువుల చరిత్ర: 19వ భాగం

1957 నాటికి మన దేశంలో మేనేజ్‌మెంటును పోస్టుగ్రాడ్యుయేట్ చదువుగా చెప్పే చోట్లు దాదాపు లేవు. కలకత్తాలో 1953లో పెట్టిన సోషల్ వెల్ఫేర్ అండ్ బిజినెస్ మేనేజ్‌మెంట్ సంస్థ ఒకటి ఉంది. హైదరాబాదు బెల్లావిస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో వచ్చింది గానీ, అది అప్పటికే పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు తర్ఫీదు ఇచ్చే చోటు. కలకత్తా, అహ్మదాబాదు ఐఐఎంలు పుట్టింది 1961లో. వాటికి నాలుగేళ్ల ముందే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంబీఏ మొదలుపెట్టింది. రోజూ తరగతిలో కూర్చుని చదివే పూర్తికాలపు ఎంబీఏల్లో దేశంలో ఇదే మొదటిదని పేరు. ఉత్తరాంధ్ర చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. ఈ భాగం ఆ సంగతితోనే మొదలవుతుంది.

వాల్తేరులోనే ఎందుకు? అప్పటి వైస్ చాన్సలర్ వి.ఎస్. కృష్ణ స్వతహాగా ఆర్థికశాస్త్రం మనిషి. 1949 నుంచి 1961 దాకా ఆ పదవిలో ఉన్నారు, ఆ తర్వాత యూజీసీ అధ్యక్షులుగా ఢిల్లీ వెళ్లారు. రెండో కారణం కిటికీలోంచి చూస్తే కనిపించేది. సింధియా కంపెనీ 1941లో పునాది వేసిన ఓడల కార్ఖానా 1948లో జల ఉషను నీళ్లలోకి దింపింది. 1952లో అది ప్రభుత్వం చేతికి వచ్చి హిందూస్థాన్ షిప్‌యార్డు అయింది. 1957లోనే కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. పది మంది పనివాళ్లను షావుకారు స్వయంగా చూసుకునే కొట్టు వేరు, వేల మంది పనిచేసే యార్డు వేరు. అక్కడ ఎవరి మాట ఎవరు వినాలి, ఏ నిర్ణయం ఎవరి బల్ల మీద ఆగాలి, జమాఖర్చు ఎక్కడ తేలాలి, తప్పు జరిగితే ఎక్కడ పట్టుబడాలి అన్నవి విడిగా నేర్చుకోవలసిన విషయాలు. హార్వర్డులో 1908లో బిజినెస్ స్కూలు పెట్టినప్పుడు అమెరికాకు తట్టిన ఆలోచన ఇదే. యాభై ఏళ్లు తిరగకముందే అది మన తీరానికి చేరింది.

వాల్తేరు నుంచి పలాసకు దాదాపు రెండు వందల కిలోమీటర్లే. అదే రైలు మార్గం. కానీ ఆ చదువు టెక్కలి చేరడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ నలభై ఏళ్లలోనూ, అంతకు ముందూ, పలాస, టెక్కలి తీరంలోని ఉద్దానంలో మనుషులు కలిసి పనులు నడపడం ఆపలేదు. ఎంబీఏ పుస్తకాల్లో అమెరికా ఉదాహరణలతో చెప్పే పాఠాలు చాలావరకు ఈ నేల మీదే ఎవరో ఒకరు చేసి చూపించినవే. ఆ పాఠాలను ఇక్కడివాళ్లే రాసుకోలేదు, అది నాకు బాధ.

మొదటి ఉదాహరణ రైలు. పెద్ద సంస్థల పుట్టుక మీద ఆల్ఫ్రెడ్ చాండ్లర్ 1977లో రాసిన గ్రంథం మేనేజ్‌మెంటు విద్యార్థులందరికీ పరిచయమే. జీతానికి పనిచేసే మేనేజర్ల అంచెలు, రోజువారీ నివేదికలు, శాఖలవారీ లెక్కలు మొదట రైల్వేల్లోనే పుట్టాయని ఆయన వాదన. బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండాలంటే దూరాన ఉన్న మనిషి ఏ సమయానికి ఏం చేస్తున్నాడో కాగితం మీద తెలియాలి, అంతే. టెక్కలి పక్కన నౌపడ దగ్గర ఇలాంటి ఏర్పాటు 1900 నాటికే వచ్చింది. పర్లాకిమిడి రాజా వేయించిన రెండున్నర అడుగుల సన్న పట్టాల లైటు రైల్వే నౌపడ జంక్షన్ నుంచి బయలుదేరి కొండల వైపు పోయేది, తర్వాత గుణుపురం దాకా సాగింది. ఉప్పు కొఠార్ల ఊరిగా పేరున్న నౌపడలో గార్డు, సిగ్నల్‌మన్, స్టేషన్ మాస్టరు అనే అంచెల కొలువు వచ్చిందంటే, చాండ్లర్ చెప్పిన సంస్థ ఒకటి చిన్న రూపంలో ఇక్కడ నిలబడినట్టే.

రెండోది జీతం లేని సంస్థ. 1940 మార్చి నెలాఖరులో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. దేశం నలుమూలల నుంచి ప్రతినిధులు ఒక చిన్న రైల్వే ఊరికి వచ్చారంటే పందిళ్లు, వంట, నీళ్లు, బస, చందాలు, వాలంటీర్లు, పోలీసుల కళ్లు, అన్నీ ఎవరో నడపాలి. ఆ రోజుల్లో ఈ పని నేర్పే బడి ఒకటి ఉండేది. ఎన్.జి. రంగా గుంటూరు జిల్లా నిడుబ్రోలులో నడిపిన రైతాంగ విద్యాలయం. ఊళ్ల నుంచి వచ్చిన యువకులు అక్కడ భూమిశిస్తు, జమీందారీ చట్టాలు, ఆర్థిక విషయాలు చదివి, తిరిగి ఊళ్లకు పోయి సంఘాలు కట్టేవాళ్లు. 1909లో బారువలో పుట్టిన గౌతు లచ్చన్న రంగాకు ముఖ్య అనుచరుడు, ఈ తీరంలో రైతు సంఘానికి వెన్నెముక. నిడుబ్రోలులో పట్టాలిచ్చారో లేదో పక్కన పెడితే, సంస్థను ఎలా కట్టాలో, ఎలా నిలపాలో పాఠంగా చెప్పిన తొలి తెలుగు చదువుల్లో దాన్ని లెక్కించాలని నా అభిప్రాయం. మహాసభలు ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. ఆమె ఏ మహాసభకూ ప్రతినిధి కాదు. అరెస్టు చేసినవాళ్లను తీసుకుపోతుంటే దారికి అడ్డంగా నిలబడిన ఇల్లాలు. సంఘం ఊళ్లలోకి ఎంత లోతుగా దిగిందో ఆ ఒక్క సంఘటనే చెబుతుంది. డెబ్బై ఏళ్ల తర్వాత 2010 జూలైలో సోంపేట బీల భూముల్లో విద్యుత్ కేంద్రం వద్దని జనం నిలబడ్డప్పుడు కూడా ఊరూరా కమిటీలు, వంతులవారీ దీక్షలు అదే తీరున నడిచాయి.

ఇక జీడి. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

పలాస–కాశీబుగ్గ చుట్టూ రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలున్నాయి. ఎక్కువ భాగం కుటుంబాలు నడిపేవే. ఏ ఒక్కటీ పెద్దది కాదు, కలిపి చూస్తే దేశంలో పేరున్న జీడిపప్పు కేంద్రం. పిక్క ఫ్యాక్టరీకి వచ్చాక ఎండబెడతారు, ఆవిరిలో ఉడికిస్తారు లేదా కాలుస్తారు, చల్లార్చి కోస్తారు, లోపలి గుండును వేడి గదిలో ఆరబెడతారు, పొట్టు తీస్తారు, సైజులవారీగా వేరు చేస్తారు. పౌను తూకానికి ఎన్ని పప్పులు వస్తాయన్నదే గ్రేడు. డబ్ల్యూ 180 అంటే పౌనుకు నూట ఎనభైకి మించకుండా తూగే పెద్ద పప్పు, డబ్ల్యూ 320 అంటే మూడు వందల ఇరవై లోపు. తర్వాత బద్దలు, ముక్కలు. ధర మెట్లు మెట్లుగా దిగిపోతుంది.

పిక్క కోసే చోట ఎక్కువగా ఆడవాళ్లే. పెంకులోని జీడి చేతిని కాల్చేస్తుంది, అందుకని అరచేతులకు నూనో బూడిదో రాసుకుంటారు. కూలి చాలాచోట్ల కిలోల లెక్కన. ఇక్కడే ఎంబీఏ మొదటి ఏడాది చెప్పే ఒక పెద్ద పాఠం ఉంది. ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రచురించిన పుస్తకంలో బెత్లెహెం ఉక్కు కార్ఖానాలో రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు మోసే మనిషి చేత నలభై ఏడు టన్నులు మోయించానని చెప్పుకున్నాడు. ఎంత మోస్తే అంత కూలి, ఎలా మోయాలో పైవాడు చెప్పాలి, అదే శాస్త్రమన్నాడు. ఇనుప దిమ్మె పగలదు. జీడిగుండు పగులుతుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చి వేగం పెంచితే పూర్తి పప్పు తగ్గి ముక్క పెరుగుతుంది. మిగిలిన కూలి కంటే పోయిన గ్రేడు ధర ఎక్కువ. నిదానం చేయిస్తే బస్తాలు తెగవు. కూలిని పూర్తి పప్పు తూకానికి కట్టాలా, పగిలినదానికి కోత పెట్టాలా, పిక్క సరిగ్గా ఉడకకపోవడం వల్ల పగిలిందో, చేతి తొందర వల్ల పగిలిందో ఎవరు తేల్చాలి? ఉడికించేవాడి తప్పుకు కోసే ఆవిడ కూలి తెగకూడదు కదా. ఒకరి పని ఫలితం మరొకరి కూలిలో కలిసిపోయే చోట ప్రోత్సాహకం ఎలా కట్టాలన్న ఈ చిక్కు మీద ప్రపంచమంతటా పరిశోధన పత్రాలు వచ్చాయి. కాశీబుగ్గలో మేస్త్రీలు దీన్ని రోజూ నోటిమాటతో సర్దుతున్నారు.

షికాగో దగ్గర హాథార్న్ కార్ఖానాలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాల గురించి కూడా విద్యార్థులు చదువుతారు. తీగలు చుట్టే గదిలో పద్నాలుగు మంది తమలో తాము ఒక హద్దు పెట్టుకుని, అంతకు మించి ఎవరూ చేయకుండా చూసుకున్నారని తేలింది. ఎక్కువ చేస్తే రేపు రేటు కోస్తారన్న అనుభవమే అందుకు కారణం. గ్రేడింగ్ బల్ల చుట్టూ ఏళ్ల తరబడి కలిసి కూర్చునే ఆడవాళ్ల మధ్య ఎలాంటి మాట నడుస్తుంది, కొత్తగా వచ్చిన పిల్లకు ఎవరు పని నేర్పుతారు, ఒకామెకు జ్వరమొస్తే ఆ వాటా ఎవరు అందుకుంటారు? కుర్చీ వేసుకుని నెల రోజులు వాళ్ల పక్కన కూర్చుంటే హాథార్న్ మీద మేయో శిష్యులు రాసినంత మంచి అధ్యయనం తయారవుతుంది.

యజమాని వైపు చిక్కు మరో రకం. ఇక్కడి పంట వేసవిలో వస్తుంది, పప్పు ఏడాది పొడవునా అమ్మాలి. అంటే పంట రోజుల్లో బ్యాంకు అప్పు తెచ్చి పిక్క కొని గోదాములో పెట్టాలి, ధర పడితే అప్పు నెత్తిన మిగులుతుంది. ఉద్దానం పిక్క ఒక్కటే ఫ్యాక్టరీలకు చాలదు గనుక ఆఫ్రికా పిక్క వస్తుంది. బెనిన్, ఐవరీ కోస్టుల పంట మన పంటతో పాటు వస్తే, టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది, ఇక్కడ నిల్వ అడుగంటే వేళకు. ఎప్పుడు ఏది ఎంత కొనాలన్నది కాశీబుగ్గ వ్యాపారి బుర్రలోనే ఉండే లెక్క. కేరళ కొల్లంలో ఇదే పరిశ్రమకు 1969లో రాష్ట్ర ప్రభుత్వం కార్పొరేషన్ పెట్టింది, ఫ్యాక్టరీలను ప్రభుత్వమే నడిపింది. పలాస ఆ దారి తొక్కలేదు, విడివిడి చిన్న యూనిట్లుగానే బతికింది. ఒకే పిక్క, ఒకే పని, రెండు రకాల సంస్థలు. కార్మికురాలి కూలి, పని దినాలు, పింఛను ఏ పద్ధతిలో మెరుగ్గా ఉన్నాయి, ఫ్యాక్టరీ ఏ పద్ధతిలో మూతపడకుండా నిలిచింది అని పోల్చి చూస్తే ఒక పీహెచ్‌డీకి సరిపడా సరుకుంది.

చిన్న వ్యాపారిని అధ్యయనం చేయడానికి ప్రపంచం ఒకసారి మన తీరానికి వచ్చింది కూడా. హార్వర్డు మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. ఏదో సాధించాలన్న తపనను తర్ఫీదుతో పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. యాభై రెండు మందిని జట్లుగా హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి పది రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు తర్వాతి రెండేళ్లలో కొత్త పెట్టుబడులు, కొత్త పనుల్లోకి ఎక్కువగా దిగారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి వేసిన పుస్తకంలో రాశాడు. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ పారిశ్రామికవేత్తల శిక్షణ గురించి చర్చ వచ్చినా కాకినాడ పేరు వస్తుంది. నాకు మాత్రం ఆ పుస్తకం ఒక ఖాళీని వదిలేసినట్టు అనిపిస్తుంది. తపన మనిషి లోపల ఉందా లేదా అని వెతికారు గానీ, అప్పు ఎక్కడ పుట్టింది, బంధువుల్లో ఎవరు చేయూతనిచ్చారు, సరుకు కొనే మార్వాడీ ఎవరు అన్నవి పక్కకు పోయాయి. పలాసలో ఎవరూ ఏ శిక్షణా ఇవ్వకుండానే వందల ఫ్యాక్టరీలు లేచాయంటే, ఆ పక్కకు పోయినవాటిలోనే జవాబుంది.

ఇప్పుడు చదువు దగ్గరికి వద్దాం. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శ్రీకాకుళం జిల్లాలో పీజీ కేంద్రం పెట్టింది. ఎచ్చెర్లలోని ఆ కేంద్రమే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. టెక్కలి దగ్గర కె.కొత్తూరులో 2001లో ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్ వచ్చింది, ఇంజినీరింగుతో పాటు ఎంబీఏ కూడా చెబుతుంది. మందస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి ఊళ్ల పిల్లలు ఇంటి నుంచే బస్సెక్కి ఎంబీఏ చదవడం అలా సాధ్యమైంది. ఆడపిల్లల విషయంలో ఈ దూరం తగ్గడం ఎంత పెద్ద మార్పో ఉద్దానంలో ఏ ఇంట అడిగినా చెబుతారు. తర్వాత వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసే పిల్లల సంఖ్యను పెంచింది. 2020 డిసెంబరులో 77వ నంబరు జీవోతో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఆ సాయం ఆపేశారు. జీడి తోట మీద, వల మీద బతికే ఇంటికి ఎంబీఏ ఫీజు చిన్న మొత్తం కాదు. ఈ ఒక్క జీవో ఎంతమంది చదువును డిగ్రీ దగ్గరే నిలిపిందో ప్రభుత్వమే లెక్క తీసి చెప్పి ఉండాల్సింది.

విచిత్రంగా ఈ కాలేజీలు వస్తున్న రోజుల్లోనే, తరగతి గది బయట, ఇంకో పెద్ద మేనేజ్‌మెంటు బడి ఈ జిల్లాలో నడుస్తూ వచ్చింది. 1982లో డ్వాక్రా పథకం మన రాష్ట్రంలో మొదలైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లోనూ శ్రీకాకుళం ఉంది. పది పదిహేను మంది ఆడవాళ్లు ఒక సంఘం, ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం, ఆ పైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. ప్రతి అంచెకూ ఎన్నికైన అధ్యక్షురాలు, తీర్మానాల పుస్తకం, పొదుపు, అప్పుల ఖాతా. బడి మొహం చూడని ఆడవాళ్లు బుక్‌కీపర్‌ను పెట్టుకుని ఆమె రాసినదాన్ని సమావేశంలో చదివించుకుని సరిచూసుకున్నారు. అధికారం పైనుంచి కిందికి కాకుండా కిందినుంచి పైకి కట్టిన సంస్థ ఇది. ఇలాంటి నిర్మాణం ఎక్కడ బిగుస్తుంది, ఎక్కడ వదులవుతుంది, అధికారులు జోక్యం చేసుకుంటే ఏమవుతుంది అన్నవి ఈ మండల సమాఖ్యల తీర్మానాల పుస్తకాల్లో వరసగా దొరుకుతాయి. అవి చెదలు పట్టకముందే ఎవరైనా చదవాలి.

టెక్కలి ప్రాంతంలో ఎంబీఏ చదివే పిల్లలు రెండో ఏడాది ప్రాజెక్టు రిపోర్టు కోసం మామూలుగా విశాఖ వైపు చూస్తారు. ఉక్కు ఫ్యాక్టరీ, ఓడరేవు, బ్యాంకు, మోటారు బళ్ల షోరూము. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఉద్యోగం అక్కడే ఉంది. కానీ చేయదగిన పని కాశీబుగ్గలో ఉంది. ఇలా ఊళ్లోకి వెళ్లి చేసినవాళ్లు లేకపోలేదు. అహ్మదాబాదు ఐఐఎం తొలి పూర్తికాలపు డైరెక్టరు రవి మత్తాయి, ఆ పదవి వదిలాక 1975 నుంచి రాజస్థాన్‌లోని జవాజాలో నేతపనివాళ్లు, తోలుపనివాళ్ల మధ్య కూర్చుని, వాళ్లే తమ సంఘాన్ని నడుపుకునేలా ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆనంద్‌లో 1979లో కురియన్ పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంటు సంస్థ పుట్టింది కూడా పాల సంఘాల అవసరంలోంచే. 2015లో విశాఖకు ఐఐఎం వచ్చింది, అది తొలి తరగతులు చెప్పింది 1957 నాటి ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే. 2023లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. జీడిపప్పు విదేశాలకు నేరుగా వెళ్లే రోజు రావచ్చు.

కాశీబుగ్గ వైపు చేయదగిన పని ఉందన్నాను కదా, అలాంటి ఒక పని గురించి వివరంగా చెబుతాను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మళ్లీ నాటి, ఎదురుచూసి, కాపు పట్టించిన రైతులు 2023లో రోడ్డెక్కారు, ఎనభై కిలోల బస్తాకు పదహారు వేలు కావాలని. విదేశీ పిక్క ధరను, పప్పు మార్కెట్‌ను బట్టే కొనగలమన్నది వ్యాపారుల మాట. ప్రపంచమంతటా పచ్చి జీడిపిక్క నాణ్యతను ఆ ఎనభై కిలోల బస్తా లెక్కనే చూస్తారు. అయితే అక్కడ చూసేది బస్తా తూకం ఒక్కటే కాదు, దానిలోంచి ఎన్ని పౌన్ల మంచి పప్పు దిగుతుందన్నది. పరీక్ష చాలా చిన్నది. బస్తాల్లోంచి అక్కడక్కడా తీసి కిలో పిక్కలు పోగు చేయాలి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, కోయాలి, పుచ్చువి, ముదరనివి తీసేసి మంచి పప్పు తూచాలి. కిలోకు 280 గ్రాములు దిగితే బస్తాకు 22.4 కిలోలు, అంటే సుమారు 49 పౌన్లు. ఆ అంకె రైతు చేతిలో కాగితం మీద ఉంటే, బేరం తూకం గురించి కాక పప్పు గురించి జరుగుతుంది. ఊళ్లో దీన్ని చేయడానికి కత్తెర, చిన్న తక్కెడ, పుస్తకం చాలు. పుస్తకం రాయడం గ్రామ సంఘం ఆడవాళ్లకు పాతిక ఏళ్లుగా తెలుసు, కోయడం కాశీబుగ్గలో పనిచేసి వచ్చిన ప్రతి ఇంటివాళ్లకూ తెలుసు. వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో పది ఊళ్లు ఎంచుకుని, మార్చి నుంచి మే దాకా ఒక పంట కాలమంతా ఈ లెక్క తీసి, ఏ ఊరి పిక్కకు ఎంత పప్పు దిగింది, ఏ ధరకు పోయింది అని రాసే విద్యార్థికి ప్రాజెక్టు మార్కులతో పాటు ఆ పది ఊళ్ల గ్రామ సభల్లో చదివి వినిపించే రిపోర్టు కూడా చేతిలో ఉంటుంది.